ఐరోపాలో ఏ దేశం? వెంట వెళ్లే భార్య వైపు నుంచి వేసిన లెక్క

ఇద్దరూ ఉద్యోగం చేసుకుంటున్న జంటకు ఐరోపా నుంచి ఒకటికి రెండు ఆఫర్లు వచ్చినప్పుడు మన ఇళ్లలో చర్చ దాదాపు ఒకే తీరులో సాగుతుంది. జీతం ఎంత, పన్ను పోను చేతికి ఎంత వస్తుంది, చలి ఏ మాత్రం ఉంటుంది, పౌరసత్వానికి ఎన్నేళ్లు పడుతుంది అన్న లెక్కలన్నీ ఆఫర్ లెటర్ ఎవరి పేరున వచ్చిందో వారి వైపు నుంచే వేస్తారు. వెంట వెళ్లే రెండో మనిషి, అంటే చాలా ఇళ్లలో భార్య, ఆ దేశంలో ఏ హోదాతో ఉంటుంది, ఉద్యోగం చేసుకోవచ్చా, కాన్పు అయితే ఎవరికెంత సెలవు దొరుకుతుంది, కాపురం నిలవకపోతే ఆమె పరిస్థితి ఏమిటి అన్న ప్రశ్నలు ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దుకునే నాటికి గాని గుర్తుకు రావు. ఈ వ్యాసం ఆ రెండో మనిషి వైపు నుంచి, ముఖ్యంగా స్వీడన్, జర్మనీ, నెదర్లాండ్స్, ఐర్లాండ్ అనే నాలుగు దేశాలకు వేసిన లెక్క.

ఇలాంటి ఎంపికకు చాలామంది ముందుగా ర్యాంకులు చూస్తారు. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఉన్న ఐరోపా లింగ సమానత్వ సంస్థ ప్రచురించే సూచీలో స్వీడన్ చాలా ఏళ్లుగా అగ్రస్థానంలో ఉంటోంది. ఆ సూచీ పనికిరానిదని నేను అనను గాని, అది ఆ దేశపు జనాభా మొత్తానికి తీసిన సగటు. భర్త పర్మిట్ మీద నిన్న దిగిన మనిషికి ఆ సగటులో ఎంత వాటా దక్కుతుందో అది చెప్పదు. వేతన వ్యత్యాసం అంకెలతోనూ ఇదే చిక్కు. ఇటలీలో స్త్రీ పురుషుల సగటు జీతాల మధ్య తేడా జర్మనీలో కంటే చాలా తక్కువగా కనిపిస్తుంది. అందుకు పెద్ద కారణం, అక్కడ తక్కువ జీతపు పనులు చేయగల స్త్రీలు చాలామంది అసలు ఉద్యోగంలోకే రాకపోవడం. ఇంట్లో కూర్చున్న మనిషి జీతం లెక్కలోకి రాదు కదా.

అందుకే నేను ఒకే ప్రశ్నను అన్ని దేశాలకూ వేస్తాను: ఈ హక్కు ఎవరి పేరు మీద ఉంది? ఇంటి స్థలం పట్టా ఆడమనిషి పేరున ఉండటానికీ, మగమనిషి పేరున ఉండి ఆమె ఆ ఇంట్లో ఉండటానికీ తేడా మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ముందుగా కొలమానాలు

మొదట చూడవలసింది ఉద్యోగ అనుమతి. భార్య నివాస కార్డు మీదే ఉద్యోగం చేసుకోవచ్చని రాసి ఉందా, లేక కంపెనీ ఆమె కోసం వేరే పర్మిట్ తెప్పించాలా అన్నది తొలి ఏడాది మొత్తాన్ని నిర్ణయిస్తుంది. రెండోది ప్రసవం చుట్టూ ఉండే సెలవు: తల్లికి ఎన్ని వారాలు అన్నదానికంటే, తండ్రి వాడుకోకపోతే వృథా అయ్యే సెలవు ఎంత ఉంది అన్నది అసలైన కొలత. ఎందుకంటే ఇద్దరిలో ఎవరైనా వాడుకోవచ్చని చట్టం వదిలేసిన సెలవు, జీతం తక్కువ ఉన్న వారి నెత్తి మీదే పడుతుంది. మూడోది పన్ను, నాలుగోది పిల్లల సంరక్షణ. ఈ రెండూ కలిసి రెండో జీతం సంపాదించడం లాభమా నష్టమా అన్నది తేలుస్తాయి. ఐదోది శరీరం మీద హక్కు, అంటే గర్భస్రావ చట్టం. చివరిది, పెళ్లిచూపుల్లో విడాకుల మాట ఎత్తినట్టు ఉంటుందని అందరూ దాటవేసేది: దాంపత్యం చెడితే, ముఖ్యంగా ఇంట్లో హింస ఉంటే, ఆమె తన కాళ్ల మీద ఆ దేశంలో ఉండగలదా?

ఐరోపా సమాఖ్యలో చేరిన దేశాలన్నింటికీ ఒక కనీస స్థాయి ఉంది. 1957 నాటి రోమ్ ఒప్పందంలోని 119వ అధికరణమే సమాన పనికి సమాన వేతనం అని రాసుకుంది. అయితే ఆ వాక్యానికి ప్రాణం పోసింది గాబ్రియెల్ దెఫ్రెన్ అనే బెల్జియం ఎయిర్ హోస్టెస్. నలభై ఏళ్లు నిండగానే ఆడవాళ్లను మాత్రమే ఇంటికి పంపించే ఒప్పందం మీద పనిచేసిన ఆమె, మగవారి కంటే తక్కువ జీతం ఇచ్చారని విమాన సంస్థ మీద వేసిన కేసులో, ఆ అధికరణాన్ని ఎవరైనా నేరుగా తమ దేశపు కోర్టులో వాడుకోవచ్చని 1976లో ఐరోపా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. 2019 నాటి ఆదేశం ప్రకారం తండ్రికి కనీసం 10 పనిదినాల సెలవు, తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి 4 నెలల పేరెంటల్ సెలవు, అందులో 2 నెలలు మరొకరికి బదిలీ చేయడానికి వీలు లేకుండా ఉండాలి. 2023లో వచ్చిన వేతన పారదర్శకత ఆదేశాన్ని సభ్యదేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవడానికి 2026 జూన్ 7 గడువు. ఉద్యోగానికి జీతం ఎంత నుంచి ఎంత వరకు ఇస్తారో కంపెనీ ముందే చెప్పాలనీ, పాత జీతం ఎంత అని అభ్యర్థిని అడగకూడదనీ అందులో ఉంది. మన ఇంటర్వ్యూల్లో మొదటి ప్రశ్నే 'కరెంట్ సీటీసీ ఎంత' కాబట్టి, ప్రసవం కోసం రెండేళ్లు ఆగి మళ్లీ మొదలుపెట్టే స్త్రీకి ఈ ఒక్క నిబంధన ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు.

స్వీడన్: చట్టం బాగుంది, కానీ మీరు ముందుగా లోపల ఉండాలి

1971లో స్వీడన్ భార్యాభర్తలకు కలిపి పన్ను వేసే పద్ధతిని ఎత్తివేసింది. 1974లో ప్రసూతి సెలవును తీసేసి, తల్లిదండ్రులిద్దరికీ వర్తించే బీమాను ప్రపంచంలో మొదటిసారి తెచ్చింది. ఈ రెండు నిర్ణయాలూ కలిసే ఆ దేశపు కుటుంబాన్ని మార్చాయని నా అభిప్రాయం. మిగిలినవన్నీ వీటికి కొనసాగింపులే.

ఇప్పుడు ఒక్కో బిడ్డకు 480 రోజుల చెల్లింపు సెలవు ఉంటుంది. అందులో 390 రోజులకు ఒక పరిమితికి లోబడి జీతంలో సుమారు 80 శాతం వస్తుంది, మిగిలిన 90 రోజులకు రోజుకు 180 క్రోనర్లు. తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి 90 రోజులు విడిగా కేటాయించి ఉంటాయి; ఆ రోజులను ఒకరు వదులుకుంటే మరొకరికి రావు. ఈ కేటాయింపు 1995లో ఒక నెలతో మొదలై, 2002లో రెండు నెలలై, 2016లో మూడు నెలలకు పెరిగింది. తండ్రులు మంచివాళ్లు కనుక సెలవు పెడుతున్నారని కాక, పెట్టకపోతే పోతుందని పెడుతున్నారని అర్థం చేసుకుంటేనే ఈ చట్టం మర్మం తెలుస్తుంది. అయినా మొత్తం రోజుల్లో తండ్రులు వాడేది ఇప్పటికీ సుమారు 30 శాతమే.

బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో ఉండి చూసుకోవడానికి విడిగా మరో సెలవు ఉంది. దాన్ని 'వాబ్' అంటారు, ఒక బిడ్డకు ఏడాదిలో 120 రోజుల వరకు. పొద్దున్నే ఫోన్‌లో సామాజిక బీమా కార్యాలయం యాప్ తెరిచి, ఫలానా రోజు బిడ్డ కోసం ఆగిపోయానని నమోదు చేసి, టీమ్‌కు ఒక్క ముక్క మెసేజ్ పెడితే సరిపోతుంది. మేనేజర్‌కు సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు. ఫిబ్రవరిలో పిల్లలందరికీ జలుబులే కనుక ఆ నెలను సరదాగా 'వబ్రువారీ' అంటారు. ఒక దేశంలో సమానత్వం ఎంత దాకా వచ్చిందో తెలుసుకోవాలంటే, ఆఫీసులో ఆ మెసేజ్ పెట్టే మగవాళ్లు ఎంతమందో చూస్తే చాలని నాకు అనిపిస్తుంది.

ఇక చిక్కుల సంగతి. పూర్తి స్థాయి భత్యం రావాలంటే ప్రసవానికి ముందు 240 రోజులు వరుసగా ఆదాయం ఉండి ఉండాలి. లేకపోతే మొదటి 180 రోజులకు రోజుకు 250 క్రోనర్లతో సరిపెట్టుకోవాలి. కడుపుతో దిగిన భార్యకు, లేదా ఇంకా ఉద్యోగం దొరకని భార్యకు ఆ ఘనమైన చట్టం చాలా పలచబడి అందుతుంది. భర్తకు వచ్చే మొదటి పర్మిట్ ఒక కంపెనీకి కట్టుబడి ఉంటుంది, భార్య అనుమతి ఆ పర్మిట్‌కు కట్టుబడి ఉంటుంది. సాధారణంగా ఆమెకు ఉద్యోగం చేసుకునే అనుమతి వస్తుంది గాని, విడిపోతే ఆ ముడి తెగినట్టే, ఆమె సొంత ఆధారం వెతుక్కోవాలి. 2024 జూలై నుంచి తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరు 45 రోజుల వరకు ఇతరులకు, ఉదాహరణకు అమ్మమ్మకు, బదిలీ చేయవచ్చన్న వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది. ఆ అమ్మమ్మ స్వీడన్‌లో బీమా ఉన్న మనిషి అయి ఉండాలన్న మాట ఆ మెసేజ్‌లలో ఉండదు. పురుడు పోయడానికి 90 రోజుల విజిటర్ వీసా మీద విజయవాడ నుంచి వచ్చిన అమ్మమ్మకు అది వర్తించదు.

పిల్లల సంరక్షణలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఏడాది నిండిన బిడ్డకు, అడిగిన నాలుగు నెలల్లోగా మునిసిపాలిటీ చోటు చూపించాలి. 2002 నుంచి ఫీజుకు గరిష్ఠ పరిమితి ఉంది, మొదటి బిడ్డకు కుటుంబ ఆదాయంలో సుమారు 3 శాతం దాటదు. రెండో జీతం డేకేర్ ఫీజులకే సరిపోతుందన్న మాట అక్కడ వినిపించదు.

జర్మనీ: హక్కులు గట్టివి, పన్ను మాత్రం పాతకాలపుది

మనవాళ్లు ఎక్కువగా వెళుతున్నది జర్మనీకి కనుక ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు మంచి సంగతులు. బ్లూ కార్డు (బయటి దేశాల నిపుణులకు ఐరోపా సమాఖ్య దేశాలు ఇచ్చే ఉద్యోగ, నివాస అనుమతి) ఉన్న వ్యక్తి జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ భాషా పరీక్ష అవసరం లేదు, దిగిన నాటి నుంచి ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ఆమె నివాస కార్డు మీద 'ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్ ఎర్లాబ్ట్' అన్న రెండు పదాలు ఉంటాయి. ఉపాధికి అనుమతి ఉంది అని దాని అర్థం. కార్డు చేతికి రాగానే ఫొటో చూసి మురిసిపోవడం కాదు, ఆ రెండు పదాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ప్రసవానికి ముందు 6 వారాలు, తర్వాత 8 వారాలు తల్లి పనికి రానవసరం లేదు, ఆ కాలానికి దాదాపు పూర్తి జీతం అందుతుంది. గర్భం దాల్చిన నాటి నుంచి ప్రసవమైన నాలుగు నెలల వరకు ఆమెను ఉద్యోగం నుంచి తీసేయడం చాలా కష్టం. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి మూడేళ్ల దాకా ఉద్యోగ భద్రతతో సెలవు ఉంటుంది. 2007లో మొదలైన 'ఎల్టర్న్‌గెల్డ్' అనే భత్యం నికర ఆదాయంలో సుమారు 65 శాతం, నెలకు కనీసం 300, గరిష్ఠంగా 1,800 యూరోలు. 12 నెలల పాటు వస్తుంది, ఇద్దరూ వాడుకుంటే మరో 2 నెలలు కలిసి 14 అవుతాయి. ఉద్యోగం లేని తల్లికి కూడా ఆ 300 యూరోలు ఆమె పేరునే వస్తాయి. అయితే 2025 ఏప్రిల్ నుంచి పుట్టిన బిడ్డల విషయంలో, పన్ను పడే ఉమ్మడి ఆదాయం ఏడాదికి 1,75,000 యూరోలు దాటిన జంటకు ఈ భత్యం లేదు. బిడ్డ పుట్టిన వెంటనే తండ్రికంటూ విడిగా జీతంతో కూడిన సెలవు ఇచ్చే చట్టం 2025 నాటికి కూడా జర్మనీలో లేదు. ఎల్టర్న్‌గెల్డ్ నెలలనే దానికి వాడుకోవాలి.

ఇప్పుడు అసలు కొర్రీ. 1958 నుంచి అక్కడ భార్యాభర్తల ఆదాయాలు కలిపి, రెండుగా చీల్చి, ఆ సగానికి పన్ను కట్టి, దాన్ని రెట్టింపు చేస్తారు. ఇద్దరి జీతాల మధ్య తేడా ఎంత ఎక్కువైతే కుటుంబానికి అంత లాభం. అంటే ఒకరు ఇంట్లో ఉంటే బహుమతి అన్నమాట. దీనికి తోడు నెలనెలా కోతకు పన్ను తరగతులు ఉంటాయి. ఎక్కువ సంపాదించే వారు 3, తక్కువ సంపాదించే వారు 5 తరగతి పెట్టుకుంటే నెలనెలా ఇంటికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఆఫీసులో సీనియర్లు చెబుతారు. భర్త స్లిప్‌లో కోత తగ్గుతుంది, భార్య స్లిప్‌లో మాత్రం ఆమె జీతం మీద పన్ను వింతగా పెరిగి కనిపిస్తుంది. ఏడాది చివర్లో రిటర్న్ వేస్తే ఇంటి మొత్తం లెక్క సమానమైపోతుంది కాబట్టి నష్టం ఏముంది అనిపిస్తుంది. నష్టం ఎక్కడంటే, ఎల్టర్న్‌గెల్డ్, ప్రసూతి కాలపు భత్యం, ఉద్యోగం పోతే వచ్చే నిరుద్యోగ భత్యం అన్నీ నికర జీతం మీదే లెక్కకడతారు. 5వ తరగతిలో ఆమె నికరం కుంచించుకుపోతుంది కనుక, ఆమె పేరున రావలసిన ప్రతి రూపాయీ కుంచించుకుపోతుంది. ఇంటి డబ్బు ఒక్కటే అనుకునే జంటకు కూడా ఇది వందల యూరోల తేడా. తరగతి మార్చుకోవాలంటే, ప్రసూతి సెలవు మొదలయ్యే నెలకు కనీసం ఏడు నెలల ముందే మార్చుకోవాలి. అంటే గర్భం నిర్ధారణ అయిన వారంలోనే, స్వీట్లు పంచక ముందే. ఇద్దరూ 4వ తరగతిలో ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఆ పన్ను పద్ధతికి వెనుక ఒక చరిత్ర ఉంది. 1949 నాటి మౌలిక చట్టంలో, అంటే జర్మనీ రాజ్యాంగంలో, స్త్రీ పురుషులు సమానులు అన్న వాక్యం దాని రచనలో పాల్గొన్న న్యాయవాది ఎలిజబెత్ జెల్బర్ట్ పోరాడి చేర్పించినదే అయినా, పశ్చిమ జర్మనీలో భార్య ఉద్యోగం ఇంటి బాధ్యతలకు అడ్డు రాకూడదన్న నిబంధన 1977 దాకా పౌరస్మృతిలో ఉండిపోయింది. కూతురికీ ఆస్తిలో సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసినా, ఆ తర్వాత ఎన్ని ఇళ్లలో అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు పెట్టించుకున్నారో తెలిసిన మనకు, రాజ్యాంగానికీ వంటింటికీ మధ్య దూరం కొత్త కాదు.

ఏడాది నిండిన బిడ్డకు 'కీటా' అనే శిశు కేంద్రంలో చోటు 2013 ఆగస్టు 1 నుంచి చట్టబద్ధమైన హక్కు. బెర్లిన్‌లో ఫీజు కూడా లేదు. చోటు దొరకడం మాత్రం వేరే కథ. సిబ్బంది కొరత వల్ల పేరు నమోదు చేసుకుని నెలల తరబడి ఎదురుచూడటం పెద్ద నగరాల్లో మామూలే. గర్భం తెలిసిన నెలలోనే దరఖాస్తులు పెట్టడం అతిశయోక్తి కాదు. జీతాల మధ్య తేడా 2024లో 16 శాతం. అందులో కొంత వాటా స్త్రీలలో దాదాపు సగం మంది పార్ట్‌టైమ్ చేయడం నుంచి వస్తుంది. 200 మందికి పైగా పనిచేసే సంస్థలో, మీలాంటి పని చేసే ఎదుటి లింగం వారి జీతాల మధ్యస్థం (వరుసగా పేర్చితే నడుమ వచ్చే మొత్తం) ఎంత అని రాతపూర్వకంగా అడిగే హక్కు 2017 నాటి చట్టంతో వచ్చింది, అడిగేవారు తక్కువ.

కాపురం చెడిన సందర్భానికి జర్మనీ చట్టం నేను పోల్చిన నాలుగింటిలో స్పష్టమైనది. ఆ దేశంలో మూడేళ్లు కలిసి ఉంటే, విడిపోయినా భార్యకు స్వతంత్ర నివాస హక్కు వస్తుంది. ఇంట్లో హింస వంటి తీవ్ర కష్టం ఉంటే మూడేళ్లు నిండనక్కరలేదు. 'నువ్వు కేసు పెడితే నీ వీసా పోతుంది, మర్నాడే ఇండియా విమానం ఎక్కాలి' అన్న బెదిరింపు వినే స్త్రీకి ఈ రెండు వాక్యాలు తెలిసి ఉండటం అవసరం. హింసకు గురైన స్త్రీల కోసం 116 016 అనే ఉచిత ఫోన్ నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

నెదర్లాండ్స్: వారానికి నాలుగు రోజుల దేశం

నిపుణ వలస ఉద్యోగి భార్య కార్డు మీద 'ఆర్బైట్ ఫ్రై టూఖెస్టాన్' అని ఉంటుంది, అంటే ఎలాంటి ఆంక్షా లేకుండా పని చేసుకోవచ్చు. ఆఫీసుల్లో ఆంగ్లం నడుస్తుంది. తల్లికి 16 వారాలు ఒక పరిమితి వరకు పూర్తి జీతంతో. తండ్రికి ఒక వారం పూర్తి జీతంతో, ఆపై 5 వారాలు 70 శాతంతో. 2022 ఆగస్టు నుంచి మొదటి ఏడాదిలో ఒక్కొక్కరికి 9 వారాల పేరెంటల్ సెలవు కూడా 70 శాతంతో వస్తుంది.

ఈ దేశానికి ప్రత్యేకం పార్ట్‌టైమ్. ఉద్యోగం చేసే స్త్రీలలో సగానికి మించి పార్ట్‌టైమే చేస్తారు, ఐరోపా సమాఖ్యలో ఇదే అత్యధికం. పనిగంటలు తగ్గించమని అడిగే హక్కును చట్టమే ఇచ్చింది. పది మందికి పైగా ఉన్న సంస్థ బలమైన కారణం లేకుండా కాదనలేదు. మగవాళ్లు కూడా వారానికి ఒక రోజు 'పాపా దాఖ్' పేరుతో పిల్లలతో ఉంటారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గాని, ఆమె మూడు రోజులు, అతను నాలుగు రోజులు చేసే ఇంట్లో పదేళ్ల తర్వాత పదోన్నతి ఎవరికి వస్తుందో, పెన్షన్ ఎవరి పేరున ఎంత పోగవుతుందో లెక్క వేసుకోవాలి. వివాహిత స్త్రీకి సొంతంగా ఒప్పందాలు చేసుకునే అర్హత అక్కడ 1956 నాటి చట్టంతోనే వచ్చిందని చాలామందికి తెలియదు. తల్లి ఇంట్లో ఉండాలన్న ఆ పాత తలపు పార్ట్‌టైమ్ రూపంలో మిగిలిందన్నది నా అనుమానం.

పిల్లల సంరక్షణ ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్రభుత్వం తిరిగి ఇచ్చే భత్యం ఇద్దరూ పనిచేస్తేనో, చదువుకుంటుంటేనో మాత్రమే. ఈ భత్యం విషయంలోనే పన్నుల శాఖ వేలాది కుటుంబాలను, వారిలో ఎందరో వలస నేపథ్యం ఉన్నవారిని, మోసగాళ్లుగా ముద్ర వేసి అప్పులపాలు చేసింది. ఆ వ్యవహారం మీదే 2021 జనవరిలో ప్రభుత్వం రాజీనామా చేసింది. కాబట్టి డేకేర్ బిల్లు ఒక్కటి కూడా పారేయకండి. భార్యకు స్వతంత్ర నివాస హక్కు సాధారణంగా ఐదేళ్లకు గాని రాదు, గృహహింస నిరూపితమైతే మినహాయింపు ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ దేశం మన మనసు దోచుకుంటుంది. ప్రసవమయ్యాక 'క్రామ్‌జోర్ఖ్' పేరుతో శిక్షణ పొందిన సహాయకురాలు ఇంటికే వస్తుంది. మొదటి వారం రోజుల పాటు రోజుకు కొన్ని గంటలు తల్లినీ బిడ్డనూ చూసుకుంటుంది, స్నానం నేర్పుతుంది, పాలు పట్టించడంలో సాయపడుతుంది. ఖర్చులో ఎక్కువ భాగం ఆరోగ్య బీమాదే. అమ్మకు వీసా రాని ఇంట్లో పురుడు గడవడానికి ఇంతకు మించిన ఆసరా మరో దేశంలో నాకు కనబడలేదు.

ఐర్లాండ్: ఆంగ్లం ఉంది, ఖర్చూ ఉంది

కొరత ఉన్న నైపుణ్యాలకు ఇచ్చే క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ ఉన్నవారి భార్యలు 2019 మార్చి నుంచి స్టాంప్ 1జి అనే నివాస హోదా మీద, వేరే పర్మిట్ లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. జనరల్ పర్మిట్ వారి భాగస్వాములకు ఆ వీలు 2024 మేలో వచ్చింది. భాష అడ్డంకి కాదు కనుక, మన అమ్మాయి దిగిన మూడో నెలలో ఇంటర్వ్యూలకు వెళ్లగల దేశం ఈ నాలుగింటిలో ఇదే.

ప్రసూతి సెలవు 26 వారాలు, ఆపై 16 వారాలు జీతం లేకుండా. వారాల సంఖ్య చూసి మురిసిపోయేవారు పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే ప్రభుత్వం ఇచ్చేది జీతంలో శాతం కాక అందరికీ ఒకే మొత్తం, 2025లో వారానికి 289 యూరోలు. మిగతాది కలపాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. అదే 26 వారాలు మన దేశంలో, అర్హత ఉన్న ఉద్యోగినికి, పూర్తి జీతంతో వస్తాయని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. తండ్రికి 2 వారాలు, తర్వాత ఒక్కొక్కరికి 9 వారాలు, అన్నీ అదే భత్యం మీద. డబ్లిన్‌లో డేకేర్ ఫీజు, అద్దె కలిస్తే రెండో జీతంలో ఎంత మిగులుతుందో ముందే కాగితం మీద వేసుకోవాలి.

ఈ దేశంలో చట్టం ఎంత త్వరగా మారిందో చెప్పకుండా ముందుకు పోలేను. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న స్త్రీ పెళ్లి కాగానే రాజీనామా చేయాలన్న నిబంధన 1973 దాకా ఉంది. 2012 అక్టోబరు 28న గాల్వేలో, బెళగావి నుంచి వెళ్లి స్థిరపడిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ చనిపోయింది. 17 వారాల గర్భం నిలవదని తేలినా, పిండం గుండె కొట్టుకుంటోందన్న కారణంగా గర్భస్రావం చేయలేదు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఆమె ఫొటో పట్టుకుని ఐరిష్ స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66.4 శాతం మంది గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తొలగించడానికి ఓటేశారు. 2019 నుంచి 12 వారాల లోపు, మూడు రోజుల విరామంతో, గర్భస్రావం చట్టబద్ధం. అయితే స్త్రీ ఇంటిలోపలి జీవితంతో దేశానికి అండగా ఉంటుందన్న రాజ్యాంగపు 41వ అధికరణంలోని వాక్యం మాత్రం 2024 మార్చి ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత కూడా అలాగే ఉండిపోయింది. ప్రతిపాదించిన మార్పును ఓటర్లు భారీ తేడాతో తిరస్కరించారు.

గృహహింస బాధితులకు ఏడాదిలో ఐదు రోజుల జీతంతో కూడిన సెలవు 2023 నవంబరు నుంచి ఉంది. మనిషిని డబ్బుతోనూ ఫోన్‌తోనూ అదుపులో పెట్టడం కూడా నేరమే. 50 మందికి పైగా ఉన్న సంస్థలు 2025 నుంచి జీతాల తేడాను బయటపెట్టాలి, కాబట్టి ఆఫర్ ఇచ్చిన కంపెనీ నివేదికను చదివే వీలు మీకు ఉంది.

| అంశం | స్వీడన్ | జర్మనీ | నెదర్లాండ్స్ | ఐర్లాండ్ |
|---|---|---|---|---|
| తల్లికి | ఇద్దరికీ కలిపి 480 రోజులు | 14 వారాలు, ఆపై ఎల్టర్న్‌గెల్డ్ | 16 వారాలు | 26 వారాలు, స్థిర భత్యం |
| తండ్రికి విడిగా | 10 రోజులు, ఆపై 90 రోజులు | 2 నెలల భత్యం | 6 వారాలు, ఆపై 9 వారాలు | 2 వారాలు, ఆపై 9 వారాలు |
| పన్ను | విడివిడిగా | ఉమ్మడిగా | విడివిడిగా | కొంత మేరకు ఉమ్మడి |
| పిల్లల సంరక్షణ | చవక, చోటు ఖాయం | హక్కు ఉంది, చోటు కష్టం | ఖరీదు, ఇద్దరికీ పని ఉంటే భత్యం | ఖరీదు |
| గర్భస్రావం | 18 వారాల వరకు | 12 వారాలు, కౌన్సెలింగ్ తప్పనిసరి | 24 వారాల వరకు | 12 వారాలు |
| ఉద్యోగానికి భాష | స్వీడిష్ కొంత | జర్మన్ చాలా చోట్ల | ఆంగ్లం చాలు | ఆంగ్లమే |

మిగతా మూడు, క్లుప్తంగా

స్పెయిన్ తల్లికీ తండ్రికీ సరిసమానంగా, ఒకరిది మరొకరికి బదిలీ కాకుండా, పూర్తి జీతంతో సెలవు ఇస్తుంది. 2021లో 16 వారాలు, 2025లో 19కి పెంచారు. స్త్రీలపై హింసకు ప్రత్యేక కోర్టులు 2004 చట్టంతోనే వచ్చాయి. స్పానిష్ రాకపోతే, జీతం తక్కువైనా పరవాలేదనుకోకపోతే మాత్రం కష్టం. పోలండ్‌లో వేతన వ్యత్యాసం జర్మనీ కంటే తక్కువ, సెలవులూ ఉదారమే. కానీ 2020 అక్టోబరు రాజ్యాంగ ట్రైబ్యునల్ తీర్పు తర్వాత అత్యాచారం, తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు తప్ప గర్భస్రావానికి దారి లేదు. పిల్లలు కనే వయసులో ఉన్నవారు దీన్ని చివరి వరుసలో చదవకూడదు. స్విట్జర్లాండ్ సమాఖ్యలో లేదు. స్త్రీలకు జాతీయ ఎన్నికల్లో ఓటు 1971లో వచ్చింది, తండ్రికి రెండు వారాల సెలవు 2021లో వచ్చింది. జీతాలు ఎంత పెద్దవో డేకేర్ ఫీజులూ అంతే.

మీరు ఎవరైతే, ఏది?

రెండేళ్లలో మొదటి బిడ్డను కనాలనుకుంటూ, ఇద్దరూ వెంటనే ఉద్యోగంలో చేరగల జంటకు స్వీడన్‌కు సాటి లేదు; 240 రోజుల నిబంధన దృష్టిలో పెట్టుకుని ఆమె ఉద్యోగం ముందు, కాన్పు తర్వాత అన్న క్రమం పాటించాలి. ఇప్పటికే ఐదేళ్ల బిడ్డ ఉన్న కుటుంబానికి ఆ 480 రోజులతో దాదాపు పని లేదు, బిడ్డ పెద్దయ్యాక వలస వచ్చిన వారికి ఆ రోజులు బాగా తగ్గిపోతాయి. వారు బడి, భాష, ఆమె ఉద్యోగావకాశం చూసుకుని నెదర్లాండ్స్ లేదా ఐర్లాండ్ వైపు మొగ్గడం సబబు.

ఇక్కడ మంచి ఉద్యోగం వదులుకుని వెళుతున్న భార్యకు నా సలహా ఐర్లాండ్, ఖర్చు భరించగలిగితే. జర్మనీలో ఆమెకు హక్కు మొదటి రోజే వస్తుంది గాని, ఐటీ బయట ఉద్యోగం రావాలంటే బి1, బి2 స్థాయి (మధ్యస్థాయి) జర్మన్ కావాలి. ఆ ఏడాదిన్నరలోనే చాలామంది ఆశ వదిలేస్తారు. దానికి విరుగుడు ఒక్కటే, హైదరాబాద్‌లో నోటీసు పీరియడ్‌లో ఉండగానే క్లాసులో చేరడం.

ఆఫర్ ఆమె పేరున వచ్చి, భర్త వెంట వెళ్లే ఇంట్లో ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. 'అల్లుడు ఖాళీగా కూర్చుంటాడా' అని పెద్దలు అడుగుతారు గాని, చట్టానికి ఆ తేడా లేదు. అలాంటి స్త్రీకి జర్మనీ బ్లూ కార్డు మేలు. బి1 భాష ఉంటే 21 నెలల్లో శాశ్వత నివాసం ఆమె పేరునే వస్తుంది.

పెళ్లి అయి ఆరు నెలలు కాకముందే, ఒకరి గురించి ఒకరికి పూర్తిగా తెలియకముందే బయలుదేరుతున్న అమ్మాయి తల్లిదండ్రులు అడిగితే, జీతం కాస్త తగ్గినా జర్మనీయే నయమంటాను. ఆపదలో రాతపూర్వకమైన సెక్షన్ ఉండటం వేరు, అధికారి దయతో మార్గదర్శకాలు చదివి నిర్ణయించడం వేరు. ఏ దేశమైనా సరే పాస్‌పోర్టు, నివాస కార్డు, డిగ్రీ పత్రాలు, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించిన పెళ్లి సర్టిఫికెట్ ఆమె దగ్గరే ఉండాలి, తన పేరున బ్యాంకు ఖాతా ఉండాలి.

సంతకం పెట్టే ముందు హెచ్‌ఆర్‌కు ఒక్క ఈమెయిల్ రాసి, భార్య కార్డు మీద ఉద్యోగ అనుమతి ఉంటుందా, ప్రసూతి, పితృత్వ సెలవుల్లో ప్రభుత్వ భత్యం మీద కంపెనీ ఎంత కలుపుతుంది, ఈ ఉద్యోగానికి జీతం ఎంత నుంచి ఎంత వరకు అన్న మూడూ అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. జర్మనీ ఎంచుకున్నవారు భార్యకు మొదటి శాలరీ స్లిప్ రాగానే 'స్టాయర్‌క్లాస్సె' (పన్ను తరగతి) అన్న మాట పక్కన ఏ అంకె ఉందో చూడాలి. 3, 5 తరగతులు పెట్టుకోవడానికి భార్యాభర్తలిద్దరి సంతకాలూ కావాలి. అక్కడ 5 కనిపిస్తే, ఇద్దరినీ మళ్లీ 4కు మార్చమని పన్ను కార్యాలయాన్ని కోరడానికి 2018 నుంచి ఆమె ఒక్క సంతకం చాలు.